వెర్రి నారు, పొట్టి వరి

జపాన్ రైతులు వరికి వచ్చే ఒక తెగులును బకానే అంటారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే వెర్రి నారు. మడిలో నారంతా ఒక ఎత్తున ఉంటే, అక్కడో మొక్క ఇక్కడో మొక్క జానెడు పైకి లేస్తుంది. కాడ సన్నగా ఉంటుంది, ఆకు పాలిపోయి పసుపు తిరుగుతుంది. తెలియనివాళ్ళు చూస్తే మడి మొత్తంలో బాగా ఎదిగింది అదే అనుకుంటారు. రైతు అలా మోసపోడు. ఆ మొక్కల్లో చాలావరకు చచ్చిపోతాయి, బతికినవాటికి గింజ సరిగా పట్టదు. వాటికి ఎదుగుదలే జబ్బు.

మొక్కల హార్మోన్ల గురించి మనుషులు నేర్చుకున్నదాంట్లో ఒక పెద్ద పాయ ఈ వెర్రి నారు దగ్గరే మొదలైంది. ఆ చరిత్రను నేను వర్ని వైపు నుంచి చదువుతున్నాను. వర్ని నిజామాబాద్ జిల్లాలో, బోధన్‌కి దగ్గర్లో, నిజాంసాగర్ కాలువల కింద ఉంటుంది. మంజీర మీద 1923లో మొదలైన ఆ ప్రాజెక్టు 1931కి పూర్తయింది. నీళ్ళొచ్చాక కృష్ణా, గోదావరి జిల్లాల నుంచి రైతులొచ్చి భూములు కొనుక్కుని ఊళ్ళు కట్టుకున్నారు. వాటిని ఇప్పటికీ క్యాంపులనే అంటారు. 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. వరి, చెరకు ఈ నేల పంటలయ్యాయి. వర్ని పక్కనే రుద్రూరులో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కేంద్రానికి పేరే ప్రాంతీయ చెరకు, వరి పరిశోధనా స్థానం.

ఈ వైపు మందుల దుకాణాల్లో సీజన్‌లో ఒక మాట వినబడుతుంది. "అన్నా, పొలం ఎదుగుతలేదు, ఏమన్న మందియ్యి." క్యాంపు మనిషైతే, "పిలకలకి ఏదన్నా మంచి మందుందాండీ?" ఇద్దరికీ దుకాణదారు అందించేది ఒక సీసానే. టానిక్ అంటారు, గ్రోత్ మందు అంటారు. ఎరువుతో పాటు అదీ బిల్లులో పడుతుంది. ఆ మాటలో ఒక నమ్మకం ఉంది: మొక్కకు ఎదుగుదల అనేది బలం లాంటిది, ఎంత పోస్తే అంత మంచిదని. హార్మోన్ల చరిత్ర చెప్పేది వేరే. ఎదగమనడం కంటే ఎక్కడ, ఎప్పుడు ఆగాలో చెప్పడమే ఈ పదార్థాల అసలు పని అని ఆ చరిత్ర చదివినకొద్దీ నాకు అనిపిస్తుంది. దీనికి సాక్ష్యాలు వర్ని పొలాల్లోనే ఉన్నాయి.

ముందు చెరకు సంగతి. చెరకు నాటేటప్పుడు గడను ముచ్చెలుగా నరుకుతారు. ముచ్చెకు రెండో మూడో కళ్ళుంటాయి. నరకకుండా గడంతా సాలులో పడుకోబెడితే కొసవైపు కళ్ళు ముందు లేస్తాయి, మొదలు వైపు కళ్ళు చాలావరకు నిద్రపోతాయి. కొస బతికి ఉన్నంతసేపు కింది కళ్ళను లేవనివ్వదు. రైతులకు ఇది అనుభవంలో ఎప్పటినుంచో తెలుసు. ఎందుకలా అన్నది తెలియడానికి యాభై ఏళ్ళకు పైగా పట్టింది.

1880లో చార్లెస్ డార్విన్, ఆయన కొడుకు ఫ్రాన్సిస్ గడ్డి మొలకల మీద చేసిన ప్రయోగాలను అచ్చు వేశారు. మొలక వెలుతురు వైపు వంగుతుంది కదా, కొసకు చిన్న టోపీ తొడిగితే వంగలేదు. వంగేది కింది భాగం, చూసేది కొస. అంటే పైనుంచి కిందికి ఏదో కబురు వెళ్తోంది. 1910 తర్వాత డెన్మార్క్‌లో బాయ్‌సన్-జెన్సన్ మొలక కొస కోసి, మధ్యలో జెలటిన్ పొర పెట్టి, మళ్ళీ అతికించాడు. కబురు ఆ పొర దాటి వెళ్ళింది. కాబట్టి అది కరిగే పదార్థమే. 1926లో, నిజాంసాగర్ పనులు జరుగుతున్న రోజుల్లో, హాలండ్‌లోని ఉట్రెక్ట్‌లో ఫ్రిట్స్ వెంట్ అనే యువకుడు ఓట్స్ మొలకల కొసలు కోసి అగర్ ముక్కల మీద పెట్టాడు. కాసేపయ్యాక కొసలు తీసేసి, ఆ అగర్ ముక్కను తల తెగిన మొలక మీద ఒక పక్కగా పెట్టాడు. ముక్క ఉన్న వైపు ఎక్కువ సాగి, మొలక రెండో వైపుకి వంగింది. వంపు ఎంతో కొలిస్తే పదార్థం ఎంతో తెలుస్తుంది. అదే ఆక్సిన్.

చెరకు రైతుకు పనికొచ్చే ముక్క 1930లలో దొరికింది. థీమన్, స్కూగ్ అనే ఇద్దరు చిక్కుడు జాతి మొక్క కొస తుంచి, ఆ గాయం మీద ఆక్సిన్ పెట్టారు. కొస లేకపోయినా పక్క మొగ్గలు లేవలేదు. ఒకే పదార్థం కాండాన్ని సాగదీస్తోంది, పక్క మొగ్గలను ఆపుతోంది. 2014లో బఠాణీ మీద వచ్చిన ఒక పరిశోధన దీనికి ఇంకో పొర చేర్చింది. కొస తుంచగానే పక్క మొగ్గలు కదలడం ఆక్సిన్ తగ్గడం కంటే ముందే మొదలవుతుందని, వాటిని మొదట లేపేది అటు మళ్ళిన చక్కెర అని అందులో చూపించారు. చక్కెర కోసం పెంచే గడను ముచ్చెలుగా నరికే వాళ్ళకు ఈ సంగతి సరదాగా ఉండాలి.

ఆక్సిన్ ఎక్కువైతే ఏమవుతుందో కూడా పొలంలోనే చూడొచ్చు. 1940లలో తయారైన 2,4-డి అనే మందు ఆక్సిన్‌కు నకలు. వరిలో, చెరకులో వెడల్పాకు కలుపు చావడానికి దాన్ని కొడతారు. కలుపు మొక్క దాన్ని తనదే అయిన కబురనుకుంటుంది. తన ఆక్సిన్‌ను అవసరం తీరాక మొక్క విరిచి పారేయగలదు, ఈ నకలును అంత తేలిగ్గా విరవలేదు. కాడలు మెలితిరుగుతాయి, కణాలు అడ్డూ అదుపూ లేకుండా పెరుగుతాయి, చివరికి చచ్చిపోతుంది. పంపు సరిగా కడగకుండా దాంతోనే పత్తికి మందు కొడితే పత్తి ఆకులు సన్నబడి వంకర్లు తిరగడం చాలామంది రైతులు చూసే ఉంటారు. ఎదుగుదల హార్మోన్‌కు నకలు మనకు ఎక్కువగా అమ్ముడయ్యేది కలుపు మందుగా.

ఆక్సిన్ చరిత్రలో ఒక సీసా కథ ఉంది. ఉట్రెక్ట్‌లోనే ఫ్రిట్స్ కోగ్ల్ అనే రసాయన శాస్త్రవేత్త బృందం 1930ల మొదట్లో మనిషి మూత్రం నుంచి ఆక్సిన్-ఎ అనే పదార్థాన్ని, తర్వాత మొక్కజొన్న నూనె నుంచి ఆక్సిన్-బి అనేదాన్ని తీశామని ప్రకటించింది. 1934లో వాళ్ళే ఇండోల్ ఎసిటిక్ యాసిడ్‌ను కూడా మూత్రంలోంచి తీశారు. ఈ చివరిదే నిజమైన ఆక్సిన్‌గా నిలిచింది. ఎ, బి మాత్రం మళ్ళీ ఎవరికీ దొరకలేదు. పాఠ్యపుస్తకాల్లో ముప్పై ఏళ్ళు ఉండిపోయాయి. 1966లో ఆ ప్రయోగశాలలో దాచిన పాత నమూనాలను తీసి పరీక్షిస్తే లేబుల్ మీద ఉన్న పేరుకూ లోపలి పదార్థానికీ సంబంధం లేదు. ఉన్నవి వేరే మామూలు రసాయనాలు. శాస్త్రవేత్తల అల్మారాలోనే ఇలా జరిగింది. అయితే అక్కడ నమూనా దాచారు, ఎవరో ఒకరు మూత తీసి చూశారు.

ఇప్పుడు వరి దగ్గరికి. వెర్రి నారుకు కారణం ఒక బూజు అని పంతొమ్మిదో శతాబ్దం చివరికే తెలుసు. 1926లోనే, జపాన్ పాలనలో ఉన్న తైవాన్‌లో పనిచేస్తున్న ఎయిచి కురోసావా ఆ బూజును ద్రవంలో పెంచి, వడగట్టి, బూజు లేకుండా చేసిన ఆ ద్రవాన్నే నారుకు ఇచ్చాడు. నారు వెర్రిగా సాగింది. కాబట్టి తెగులు బూజుది, పొడుగు మాత్రం అది వదిలే పదార్థానిది. 1935లో టోక్యోలో యబుతా దానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టాడు. 1938లో యబుతా, సుమికి కలిసి దాన్ని స్ఫటికాలుగా తీశారు. అప్పటికి శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ వచ్చేసింది. తర్వాత యుద్ధం. ఈ పని యూరప్, అమెరికా ప్రయోగశాలల్లోకి చేరింది 1950లలోనే. అక్కడ తెలిసిన పెద్ద సంగతి ఏమిటంటే జిబ్బరెల్లిన్ బూజు సొత్తు కాదు. 1958లో చిక్కుడు జాతి గింజల్లోంచే ఒకదాన్ని తీశారు. మొక్క తన ఎత్తు కోసం కొద్దికొద్దిగా వాడుకునేదాన్నే బూజు విచ్చలవిడిగా తయారుచేస్తోంది.

దీనికి రెండేళ్ళ ముందు, 1956లో, అమెరికాలో బెర్నార్డ్ ఫిన్నీ పుట్టుకతో మరుగుజ్జులైన మొక్కజొన్నలకు జిబ్బరెల్లిక్ యాసిడ్ ఇచ్చాడు. కొన్ని రకాలు మామూలు మొక్కజొన్నంత ఎత్తు పెరిగాయి. అంటే వాటి పొట్టితనానికి కారణం ఆ ఒక్క పదార్థం లోటు.

విచిత్రంగా అదే 1956లో తైవాన్‌లో ఒక పొట్టి వరి రకం విడుదలైంది. పేరు తైచుంగ్ నేటివ్-1. దాని పొట్టితనం దీ-జియో-వూ-జెన్ అనే పాత నాటు రకం నుంచి వచ్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ అదే నాటు రకాన్ని పేటా అనే పొడుగు రకంతో సంకరం చేసి 1966లో ఐఆర్-8 ఇచ్చింది. మరుసటేడు పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు అనే రైతు ఐఆర్-8 వేసి, పండించి, విత్తనం పంచి, 'మిస్టర్ ఐఆర్-8' అనిపించుకున్నారు. హైదరాబాద్ రాజేంద్రనగర్ కేంద్రంగా 1965లో మొదలైన అఖిల భారత వరి పథకం నుంచి 1968లో జయ వచ్చింది. దాని తల్లిదండ్రుల్లో ఒకటి తైచుంగ్ నేటివ్-1. బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ 5204, అంటే మన సాంబ మసూరి, దాని వంశంలోనూ తైచుంగ్ నేటివ్-1 ఉంది.

పాత రకాలకు యూరియా వేస్తే ఏపుగా పెరిగి, గింజ బరువుకు, గాలివానకు చేను పడిపోయేది. పొట్టి రకాలు ఎరువు తిని నిలబడ్డాయి. పొడుగుకు పోవాల్సింది గింజకు పోయింది. ఇదంతా 1960లలో కంటితో చూసి తెలుసుకున్నారు, లోపల ఏం జరుగుతోందో తెలియదు. 2002లో ఆ జన్యువును పట్టుకున్నారు. దీ-జియో-వూ-జెన్‌లో జిబ్బరెల్లిన్ తయారీకి కావలసిన ఒక ఎంజైమ్ జన్యువులో ముక్క తెగిపోయి ఉంది. జిబ్బరెల్లిన్ తగ్గింది, మొక్క పొట్టిదైంది. ఒకే దీవిలో, తైవాన్‌లో, ఒకరు ఈ పదార్థం ఎక్కువై చచ్చిపోతున్న వరిని పరీక్షించారు, మరి కొన్నేళ్ళకు ఇంకొకరు అదే పదార్థం తక్కువై నిలబడ్డ వరిని విడుదల చేశారు. ఈ రెండూ ఒకే కథ అని అప్పుడు ఎవరికీ తెలియదు.

అందుకే నేను అనేది: మనకు కడుపు నింపిన హార్మోన్ విజయం ఏదైనా ఉంటే అది హార్మోన్‌ను పోయడం వల్ల రాలేదు, తగ్గించడం వల్ల వచ్చింది. దానికి ఖరీదు లేదనను. గడ్డి పొట్టిదైంది, పశువుల మేత తగ్గింది, ఎరువు మీద ఆధారం పెరిగింది. కానీ వర్నిలో కోతకొచ్చిన పొలం నిలబడి ఉందంటే ఆ తెగిపోయిన ముక్క చలవే.

అలాగని పోయకూడదని కాదు. తెలంగాణలో, ముఖ్యంగా కరీంనగర్ వైపు, హైబ్రిడ్ వరి విత్తనం పండిస్తారు. అందులో ఆడ వరసల్లో మగ పుప్పొడి ఉండదు, కంకి కూడా పొట్టలోంచి పూర్తిగా బయటికి రాదు. కంకులు ఈనడం మొదలయ్యే ఆ నాలుగు రోజుల్లో జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడితే మెడ సాగి కంకి బయటపడుతుంది, మగ వరస పుప్పొడి అందుతుంది. యూరియా ఎకరాకు బస్తాల్లో పడుతుంది, ఇది గ్రాముల్లో. ఎరువు తిండి, హార్మోన్ కబురు. కబురు సమయానికి చేరాలి, చేరాల్సినవాళ్ళకే చేరాలి. వారం ఆలస్యమైతే అదే మందు దండగ.

చెరకు కూడా ఈ మాటే చెబుతుంది. గడ పొడుగు సాగుతున్నంతకాలం తయారైన చక్కెర ఎదుగుదలకే ఖర్చవుతుంది. చలి పడి, నేల ఆరి, ఎదుగుదల మందగించాకే గడలో చక్కెర నిలవ చేరుతుంది. అందుకే కోతకు ముందు నీళ్ళు తగ్గిస్తారు. ఆలస్యంగా యూరియా వేసిన తోట పచ్చగా కళకళలాడుతుంది, రసంలో బ్రిక్స్ మాత్రం పడిపోతుంది. దక్షిణాఫ్రికా, బ్రెజిల్ లాంటి చోట్ల ఈ ఆపే పని కోసమే ఎథిఫాన్ కొడతారు. అది మొక్కలో ఇథిలీన్ వాయువును విడుదల చేస్తుంది. 1901లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో నెల్జుబోవ్ అనే విద్యార్థి దీపాల గ్యాసు తగిలిన బఠాణీ మొలకలు పొట్టిగా, లావుగా, అడ్డంగా ఎందుకు పెరుగుతున్నాయో వెతికి పట్టుకున్న వాయువు అదే. బోధన్ చక్కెరంతా ఎదుగుదల ఆగాక చేరిన చక్కెరే. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసిన భూములు చాలావరకు వరికి మళ్ళాయి. ఇప్పుడు గ్రోత్ మందుల బేరమంతా ఆ వరి చుట్టూనే.

ఈ చరిత్రలో మనకు మరీ దగ్గరి అధ్యాయం ఆ తర్వాత దొరికిన హార్మోన్లది. 1970లో నేచర్ పత్రికలో అమెరికా వ్యవసాయ శాఖ బృందం ఆవ జాతి మొక్క పుప్పొడిలో బ్రాసిన్లు అనే కొత్త పదార్థాలు ఉన్నాయని రాసింది. 1979లో అదే పత్రికలో వాటిలో ముఖ్యమైన బ్రాసినోలైడ్ నిర్మాణం వచ్చింది. తేనెటీగలు తెచ్చిన పుప్పొడి కిలోలకు కిలోలు శుద్ధి చేస్తే చేతికొచ్చింది మిల్లీగ్రాములు. అది స్టెరాయిడ్ అని తేలింది. ఆ రెండు పేపర్ల రచయితల్లోనూ ఒక పేరు దగ్గర తెలుగువాళ్ళ కన్ను ఆగుతుంది: మండవ. ఎన్. భూషణ్ మండవ 1988లో ఈ హార్మోన్ల మీద రాసిన సమీక్ష ఆ రంగంలోకి అడుగుపెట్టేవాళ్ళు చదివే వ్యాసం. అయినా ఇవి నిజంగా హార్మోన్లేనా అన్న అనుమానం ఇంకొన్నాళ్ళు సాగింది. 1996లో వీటిని తయారుచేసుకోలేని ఒక చిన్న మొక్క దొరికాక అది తీరింది. ఆ మొక్క కూడా మరుగుజ్జే.

హైదరాబాద్‌లో ఉస్మానియా వృక్షశాస్త్ర విభాగంలో ఎస్. సీతారాంరావు, ఆయన విద్యార్థులు ఈ పదార్థాల మీద పనిచేశారు. 1998లో ఆయన, బి. విద్యావర్ధిని కలిసి వేరుశనగ మీద ఫలితాలు రాశారు. 2001లో ఎస్. అనురాధతో కలిసి ఉప్పునీటిలో వరి విత్తనం మొలవడం మీద, 2003లో విద్యావర్ధినితో కలిసి నీటి కరువులో మూడు రకాల జొన్న మొలకల మీద. 2002లో కరెంట్ సైన్స్‌లో వీళ్ళు రాసిన సమీక్ష మన దేశంలో చాలామందికి ఈ హార్మోన్లను పరిచయం చేసింది. విద్యావర్ధిని తర్వాత డిచ్‌పల్లిలోని తెలంగాణ విశ్వవిద్యాలయంలో వృక్షశాస్త్రం చెప్పారు. డిచ్‌పల్లి, వర్ని ఒకే జిల్లా.

ఆ పేపర్ల శీర్షికలు వరసగా చదివితే ప్రశ్న మారడం కనిపిస్తుంది. ఎంత పెరిగింది అన్నది వెనక్కి పోయి, ఉప్పులో, ఎండలో ఎలా నిలబడింది అన్నది ముందుకొచ్చింది. ప్రతి ఫలితం పక్కనా ఏ పదార్థం, ఎంత మోతాదు, ఏ రకం విత్తనం, ఏ దశ అన్నవి రాసి ఉంటాయి. అవి తీసేస్తే ఫలితానికి అర్థం లేదు.

దుకాణంలో సీసా మీద సాధారణంగా లేనివి సరిగ్గా అవే. మన చట్టం జిబ్బరెల్లిక్ యాసిడ్ లాంటి అసలు హార్మోన్లను 1968 పురుగుమందుల చట్టం కింద పెట్టింది. వాటికి రిజిస్ట్రేషన్ ఉండాలి, మోతాదు రాయాలి. కానీ నాచు రసాలు, అమైనో ఆమ్లాలు, హ్యూమిక్ ఆమ్లాలు కలిపి అమ్మే టానిక్కులు చాలాకాలం ఏ చట్టం కిందకూ సరిగా రాలేదు. 2021లోనే వాటిని బయోస్టిమ్యులెంట్లు అనే పేరుతో ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోకి తెచ్చారు. అంటే కోగ్ల్ సీసాలను తెరిచి చూసినట్టు మన సీసాలను తెరిచి చూసే పని ఇప్పుడిప్పుడే మొదలైంది. ఈలోపు ఒక్కో సీజన్‌లో అప్పు తెచ్చి ఎరువు కొనే రైతు బిల్లులో టానిక్ వరసలు ఎన్ని ఉన్నాయో లెక్కేస్తే ఇది ఎవరి ఖర్చుతో నడిచిందో తెలుస్తుంది.

ఇంటర్ బోటనీ పుస్తకంలో ఈ పదార్థాలకు వృద్ధి నియంత్రకాలు అని పేరు. పొడి పొడి పుస్తకం మాట అని చదువుకునే రోజుల్లో అందరం విసుక్కున్నదే. కానీ ఆ పేరు పెట్టినవాళ్ళు రెండు మాటలూ ఉంచారు. దుకాణంలోకి వచ్చేసరికి మొదటి మాటే మిగిలింది, గ్రోత్. రెండో మాటను రైతు మళ్ళీ అడగాలి. ఇందులో ఉన్నది ఏంటి, ఎంత, మొక్క ఏ దశలో ఉన్నప్పుడు, దేన్ని ఆపడానికి, దేన్ని సాగదీయడానికి? దుకాణంలో జవాబు లేకపోతే రుద్రూరు ఎంతో దూరం లేదు. అక్కడివాళ్ళు వరినీ చెరకునూ రెంటినీ చూసినవాళ్ళు.